ఉక్కున మిగిలిన వాసన

2023వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన మన సిద్దిపేటనుండి సికింద్రాబాదునకు రైలుబండి నడచుట ఆరంభమైనది. బండి బరువునంతయు చక్రములపై మోయునది ఉక్కుతో జేసిన యిరుసు. దానిలో వెండ్రుకవంటి పగులున్నను కంటికి గనబడదు. తిరిగినకొలది పెరిగి, ఒకనాడు ఇరుసు విఱిగి ప్రాణములమీదికి దెచ్చును. అట్టి పగుళ్లను వెదకు నుపాయములలో నొకటి సూదంటురాయి గుణమునుండి పుట్టినది. దాని చరిత్రను మనవి చేసెదను.

సూదిని లాగు మణిని మన పెద్ద లెఱుగుదురు. కణాదుడు వైశేషికసూత్రములలో దానిని బేర్కొని, ఆ కదలికకు గారణము అదృష్టము, అనగా కానరానిది, అనెను. ఆ కానరాని బలముతో కానరాని పగులును బట్టవచ్చునని 1868లో ఇంగ్లండున శాక్స్‌బీ యనునాతడు చూపెను. ఫిరంగి గొట్టములకు సూదంటుగుణము కలిగించి, దిక్సూచి ముల్లు చలించుటనుబట్టి యాతడు లోపముల జాడ దెలిసికొనెను.

అమెరికాలో విలియం హోక్ అనునాతడు, సానపట్టుటకై అయస్కాంతముతో బట్టియుంచిన ఉక్కుముక్కలపై ఇనుపరజను పగుళ్ల వెంబడి బారులు దీరుట గమనించి, 1922లో ఆ పద్ధతికి పేటెంటు పొందెను. తరువాత డీ ఫారెస్టు అను నాచార్యుడు విద్యుత్తును లోహముగుండనే పంపి, నిడివివెంట నున్న పగుళ్లును బయటపడునట్లు చేసెను. నిండుగా బారు కాలువకు అడ్డము తగిలిన నీరు గట్టుదాటి పొరలునట్లు, ఆ బలము పగులుకడ వెలికి బొరలును. ఇనుపరజను అచటనే గుమిగూడును.

ఇంతతో పని ముగియదు. మెత్తని యినుము సూదంటుగుణమును చాలవరకు వెంటనే విడుచును. గట్టి యుక్కు విడువదు. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన మిగిలినట్లు, ఉక్కున నా గుణము శేషించును. అట్టి యిరుసు ఇనుపపొడిని లాగికొని బేరింగులను అరగదీయును. ఇరుసుచుట్టు వలయముగా నిలిచిన శేషము మఱింత మాయ. వెలుపల ధ్రువములు లేనందున దిక్సూచికిని జిక్కదు.

దానిని బోగొట్ట మార్గములు రెండు. 770 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి కాచినచో ఇనుము ఆ గుణమును గోల్పోవును. కాని పదనుపెట్టిన ఉక్కు గట్టిదనమును జెడును. కావున విద్యుత్తు పాఱు తీగచుట్టలో నుంచి, మెల్లగా వెలుపలికి దీయుదురు. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 100 మాఱులు దిక్కు మాఱ్చును. ఊపు తగ్గి తగ్గి ఉయ్యాల నిలిచినట్లు, శేషించిన గుణము అటునిటు మాఱుచు క్షీణించును. తొందరపడి నడుమ కరెంటు నాపినచో మఱల మిగిలిపోవును.

పగులున్నదని తేలిన యిరుసును బక్కన బెట్టుదురు. మంచిదని తేలినదానికి గూడ ఈ శుద్ధి జరిపియే బండికి దొడుగవలెను. తాను చేసిన పరీక్ష మిగిల్చిన దోషమును తీసినగాని పరీక్షకుని ధర్మము తీరదు.