భానుమతీ రామకృష్ణ : స్వరము, స్వాతంత్ర్యము

తెలుగు చలనచిత్ర చరిత్రను వ్రాయువారు శ్రీమతి భానుమతీ రామకృష్ణ (1925–2005) ప్రసక్తి వచ్చినప్పుడు తఱచుగా ఆమె ‘పొగరు’ను గూర్చిన కథలతో తృప్తిపడుదురు. ఆ కథలను త్రోసిపుచ్చనక్కఱలేదు. కాని వాని వెనుకనున్న వృత్తిస్థితిని విచారింపవలెను. ఆ స్థితికి మూలము ఆమె కంఠస్వరమని మా అభిప్రాయము.

ఒంగోలు ప్రాంతమునందలి దొడ్డవరమున జన్మించిన ఈమెకు తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే తొలి సంగీతగురువు. 1939లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున వెలువడిన ‘వరవిక్రయము’లో, వరశుల్కమునకు బలియైన కాళిందిగా ఈమె చిత్రరంగమున ప్రవేశించిరి. పాట రాని నటికి ప్రధానపాత్ర లభించుట ఆనాడు దుర్లభము. అనతికాలముననే ఈ స్థితి మాఱి నేపథ్యగానము స్థిరపడినది. ఈ మార్పునందు మన ఉత్తరాంధ్ర సీమకును పాలు కలదు. విజయనగరమున 1919లో నెలకొన్న సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల వేంకటేశ్వరరావు, ఆ పట్టణముననే జన్మించిన పి. సుశీల ఎందఱో నటీనటులకు గాత్రమొసగిరి. రూపము ఒకరిది, స్వరము వేఱొకరిది అయినది. ఇందు కళకు లాభమే కలిగినది. అయితే ఒక నటికి మాఱుగా వేఱొక నటిని నిలుపుట నిర్మాతకు సులువైనది. ‘మల్లీశ్వరి’ (1951)ని చూడుడు: నాయకునికి గాత్రము ఘంటసాలవారిది, నాయిక పాటలు భానుమతి తామే పాడిరి.

1943లో పి. ఎస్. రామకృష్ణారావుగారిని వివాహమాడిన పిదప ఆ దంపతులు భరణీ సంస్థను స్థాపించిరి. ‘రత్నమాల’ (1948), ‘లైలా మజ్ను’ (1949) ఆ సంస్థవే. భరణీ చిత్రములకు ప్రాయికముగా భర్తగారే దర్శకులు. 1953లో మాత్రము ‘చండీరాణి’ దర్శకత్వభారమును భానుమతి వహించిరి. తెలుగు, తమిళము, హిందీ భాషలలో తీసి, ద్విపాత్రాభినయము గూడ చేసిరి. ఈమెను దేశమున తొలి దర్శకురాలనుట పొరపాటు. 1926లో ఫాత్మా బేగమ్, 1936లో తమిళమున టి. పి. రాజలక్ష్మి ఈ పని చేసియున్నారు. తెలుగున మాత్రము ఆ స్థానము ఈమెదే. ‘చక్రపాణి’ (1954)కి సంగీతము కూర్చినదియు ఈమెయే.

‘మిస్సమ్మ’ (1955) విషయము ప్రసిద్ధము. చిత్రీకరణ కొంత జరిగిన పిమ్మట నిర్మాత చక్రపాణిగారితో భేదము కలిగి, ఆ పాత్ర సావిత్రికి చేరినది. సావిత్రికది మహోపకారమైనది, ప్రేక్షకులకును నష్టము లేదు. మేము గమనింపదగినదనునది వేఱు. తన సంస్థ, తన గాత్రము లేని నటి అట్టి కలహమును భరింపజాలదు. భానుమతికి మాత్రము అదే కాలమున స్వీయసంస్థలో ‘విప్రనారాయణ’ (1954)లోని దేవదేవి సిద్ధముగా నుండెను.

చిత్రములలో ఇంత గట్టిగా నిలిచిన ఈమె ‘అత్తగారి కథలు’లో వేఱొక త్రోవ త్రొక్కిరి. అచట కోడలు అత్తగారి ఆచారముల నెదిరింపదు. నవ్వుచు, మన్నించుచు సర్దుకొనును. దీనిని వైరుధ్యమని కొందఱందురు. మాకట్లు తోచదు. ఆ ఇంట పెత్తనము అత్తగారిదే యైనను కథ చెప్పునది కోడలు. అత్తగారి మడి, ఆవకాయ, అమాయకత్వము ఏ పాలున నవ్వు పుట్టింపవలెనో నిర్ణయించునది ఆ కోడలి గొంతే.