స్థానిక సభలందు సభ్య నియామకము: మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల పూర్వోత్తరములు

మన మహాసభలందు ఏటేట నంగీకరింపఁబడు తీర్మానములలో "స్థానిక సంస్థలందు మనవారికిఁ దగిన స్థానము లొసంగవలయు"నను తీర్మాన మొకటి తప్పక యుండును. ఆ స్థానము లెవరి చేతినుండి, యే నిబంధన ననుసరించి వచ్చుచుండెనో యెఱుఁగక కోరుట చీఁకటిలో రాయి విసరుట వంటిది. కావున నా చరిత్రమును మన మూఁడు పట్టణములకు సంబంధించినంతవఱకు విన్నవించుచున్నాము.

1882 మే 18వ తేదీని రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము ప్రకటించెను. దాని ననుసరించి మద్రాసు దొరతనమువారు 1884లోఁ బట్టణములకు నాలుగవ చట్టమును, పల్లెసీమలకు నైదవ చట్టమును గావించిరి. జిల్లాబోర్డునకుఁ గలెక్టరును, తాలూకాబోర్డునకు రివెన్యూ డివిజను అధికారియు అధ్యక్షులు. యూనియను పంచాయతీలందు గ్రామ మునసబులు హోదాచేతనే సభ్యులు. తక్కినవారు పెక్కుచోట్ల నియమితులే. నియామకమునకు యోగ్యత యేమి? అధికారి కంటఁబడుటయే! భూమిశిస్తు చెల్లించువాఁడు, కచ్చేరికి రాకపోకలు గలవాఁడు ఆ కంటఁబడును. మగ్గము ముందఱఁ గూర్చున్నవాఁడును, మందవెంటఁ బోవువాఁడును ఎట్లు పడుదురు?

మన సీమలో నింకొక చిక్కు గలదు. మదనపల్లె యప్పుడు కడపజిల్లాలోనిది. పుంగనూరును, కుప్పముతోఁ గూడిన కంగుందియు ఉత్తరార్కాటు జిల్లాలోని జమీందారీలు. మదనపల్లెవారి అర్జీ కడపకుఁ బోవలయును. పొరుగుననున్న పుంగనూరువారిది చిత్తూరునకుఁ బోవలయును. బంధుత్వము లొక్కటియే, వాకిళ్లు మాత్రము రెండు. 1911లోఁ జిత్తూరు ప్రత్యేక జిల్లా యగుటతో నీ చిక్కు తీఱినది. జమీందారీ సీమలలో మాత్రము ప్రజలకును సర్కారునకును నడుమ ఠాణేదారుల పలుకుబడి 1948 నాఁటి యెస్టేట్ల రద్దు చట్టము వఱకును నిలిచియుండెను.

1920 నాఁటి చట్టములచే సభ్యులలో ముప్పాతికవంతు ఎన్నికచేత రావలయునని యేర్పడెను. మిగిలిన స్థానములను నియామకముచే నింపుట మంత్రుల పాలనలోనికి వచ్చెను. ఆ శాఖకు మంత్రియైన పానగంటి రాజాగారు శ్రీకాళహస్తివారు, అనఁగా మన ప్రాంతమువారే. ఎన్నికలో నెగ్గఁజాలని సంఘములకు ఈ నియామక ద్వారమే మొదటి ప్రవేశము; ఆ మేలు మఱువరాదు. కాని దయచే వచ్చిన సభ్యుఁడు దయ చూపినవారి మోము చూడకుండ మాటలాడఁగలఁడా? 1921 సెప్టెంబరు 16 నాఁటి 613వ నంబరు ఉత్తరువే మనలను బోర్డులలోఁ గూర్చుండఁబెట్టెనని మన వక్తలు చెప్పుట వాడుక. అది సర్కారు కొలువులకు సంబంధించినది. బోర్డులది వేఱు దారి. 1930 నాఁటి సవరణముచే నియామకములు తొలఁగి, కొన్ని వర్గములకును స్త్రీలకును ప్రత్యేకింపఁబడిన స్థానము లేర్పడెను. 1934లోఁ దాలూకాబోర్డులే రద్దయ్యెను.

మదనపల్లె 1961లోఁ బురపాలక సంఘమయ్యెను. పుంగనూరు తరువాత నయ్యెను. కుప్పములో 25 వార్డులకుఁ దొలి పురపాలక యెన్నికలు 2021 నవంబరులో జరిగెను.

ఈ నడుమ 1993 జూను 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణమును మనవారు జాగ్రత్తగాఁ జదువవలయును. షెడ్యూల్డు కులములకును, తెగలకును జనసంఖ్యనుబట్టియు, స్త్రీలకు మూఁడవవంతునకుఁ దక్కువ గాకుండను స్థానము లుంచి తీరవలయునని యందున్నది. వెనుకఁబడిన తరగతుల విషయమై మాత్రము రాష్ట్ర శాసనసభ యుంచ'వచ్చును' అనియే యున్నది. పురపాలనమందుఁ బ్రత్యేకజ్ఞానము గలవారిని సభ్యులుగాఁ జేర్చుకొనవచ్చును గాని వారికి వోటు లేదు.

ఆ 'వచ్చును' ఎంత బలహీనమో 2020లోఁ దెలిసినది. మొత్తము రిజర్వేషన్లు నూటికి 50 మించరాదని 2010లో సుప్రీముకోర్టు నిర్ణయించి యుండెను. దానినిబట్టి హైకోర్టు 2020 మార్చిలో మన రాష్ట్రపు 59.85 వంతుల యేర్పాటును కొట్టివేయఁగా, పంచాయతీలలో వెనుకఁబడిన తరగతుల వాటా 34 నుండి 24కు దిగెను.

2019లో నామినేటెడు పదవులలో సగము వెనుకఁబడిన తరగతులు, షెడ్యూల్డు కులములు, తెగలు, అల్పసంఖ్యాకులకుఁ జెందవలయునని చట్టమయ్యెను. మఱుసటి యేట 56 కులముల కార్పొరేషన్లకు అధ్యక్షులును, 672 మంది డైరెక్టరులును నియమితులైరి. సంతోషమే. కాని ఉత్తరువుతో వచ్చిన పదవి ఉత్తరువుతోనే పోవును. వార్డు వోటరు లిచ్చిన స్థానము అట్లు పోదు. మా దృష్టిలోఁ గుప్పము పురపాలక సంఘములోని యొక్క వార్డు సభ్యత్వము పది డైరెక్టరు పదవులకంటె విలువైనది.

పాత జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను పంచాయతీల కార్యక్రమపు పుస్తకములుగాని, నియామకపుఁ బత్రములుగాని మన పెద్దల యిండ్లలో నున్నచో, సంఘ కార్యదర్శిగారికిఁ జూపి, నకళ్లు తీయించుకొన ననుమతింపఁ బోషకులను వేఁడుచున్నాము.