గుఱ్ఱపు నెత్తురు, మనుష్యుని నెత్తురు

మా అనకాపల్లి ప్రాంతమున చెఱకుతోటలలో పనిచేయువారికి రక్తపింజర భయము కలదు. అది కఱచినచో మనుష్యుని రక్తము గడ్డకట్టు గుణమును కోలుపోవును. దానికి విరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి వచ్చును. ఈ రెండు రక్తముల కథ కొంత మనవి చేసెదను.

రక్తస్రావమును నిలుపు ఉపాయములను నాలుగింటిని చెప్పిన సుశ్రుతుడు అందొకదానిని స్కందన మనెను. నేటి పాఠ్యపుస్తకములలోని రక్తస్కందన మను మాట ఆ ధాతువునుండి పుట్టినదే.

గాజుపాత్రలో నుంచిన మనుష్యరక్తము కొలది నిమిషములలో పేరుకొనును. గుఱ్ఱపు రక్తమునకు అంతకంటె ఎక్కువసేపు పట్టును. పైగా దాని ఎఱ్ఱకణములు నాణెముల దొంతరలవలె ఒకదానిపై నొకటి చేరి వడిగా అడుగునకు దిగును. కావున గడ్డపై తెల్లని పొర యొకటి తేలును. మనుష్యునికి ఆ పొర వాపులు, జ్వరములు గల రోగములందే స్పష్టముగా కనబడును. పూర్వపు ఐరోపా వైద్యులు దానిని చూచి, దోషము రక్తముననే యున్నదని తలంచి, మరల మరల నెత్తురు తీసిరి. పాపము, రోగుల గతి యేమో! గడ్డకట్టు పదార్థము ఎఱ్ఱకణములలో గాక ద్రవభాగమున నున్నదని 1771లో విలియం హ్యూసన్ గ్రంథరూపమున వెల్లడించెను.

పాతికేండ్లకు, 1796లో, మన పొరుగుననున్న విశాఖపట్టణమున నివసించిపోయిన పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు సర్పములపై గ్రంథము ప్రకటించెను. ఆయన విషములను కోళ్లపైనను కుక్కలపైనను పరీక్షించెను. రక్తపింజరను కాటుకరేకుల పొడ యను తెనుగుపేరుతోనే వ్రాసికొనెను. నేడు ఆ పాము ఆయన పేరనే లోకమున చెల్లుచున్నది. తెనుగుపేరును మనమే మఱచితిమి.

ఈ విషము గడ్డకట్టుటను నేరుగా అడ్డదు. రక్తమందలి ఆ ద్రవ్యములను నాళములలోనే రేపి వ్యయపఱచును. అంగడి సరుకంతయు ఒక్కమాఱే చెల్లిపోయినట్లగును. పిమ్మట గాయమునకు మిగులున దేమియు లేదు. ఇందులకే గుఱ్ఱమునకు విషమును కొంచెము కొంచెముగా ఎక్కించి, దాని రక్తమున విరుగుడు పుట్టింతురు. తీసిన రక్తమును గడ్డకట్టనీయక నిలిపినచో కణములు త్వరగా దిగును. పైద్రవమును గ్రహించి, కణములను మరల గుఱ్ఱమునకే ఎక్కింతురు. వైద్యులను మోసపుచ్చిన పొరకు మూలమైన గుణమే ఇచ్చట ఉపకారి యైనది.

మా వీధి చెఱకుకూలీ యొకనిని రక్తపింజర కఱచినపుడు నేను వెంట నుంటిని. వైద్యుడు వాని రక్తమును చిన్న గాజుగొట్టమున పోసి, 20 నిమిషములు కదల్పక యుంచి, పిమ్మట వంచెను. నీరువలె జాఱెను. వెంటనే విరుగుడు నెక్కించిరి. ఆఱు గంటలకు మరల చూచిరి. కొంత చిక్కబడెను గాని నిలువలేదు. మరల మందిచ్చిరి. తెల్లవాఱుజామున వంచిన గొట్టములో గడ్డ కదలలేదు.