మొదటి జీతము ఎవరి చేతిలో బడెను?

సింహాచలక్షేత్రమునకు బోయినవారు ఆలయపు గోడలమీది శాసనములను చూచియే యుందురు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రలో నిచ్చటికి వచ్చి స్వామికి సమర్పించిన కానుకలు శిల నెక్కినవి. దీపముల కిచ్చిన ధనమును, సేవకుల కేర్పఱచిన వృత్తులును శాసనములందు గలవు. ఆ సేవకులకు జీతమన్న నాణెము గాదు, నేలయు నన్నమును. అయినను పొట్టకూటికై తొలిసారి పనిలో జేరిన మనుష్యుని సంతోషము గాని సంకటము గాని యే శిలమీదను లేదు. ఆ చరిత్ర మన యిండ్లలోని వృద్ధుల నోళ్లలోనే యున్నది.

పూర్వపు జీతములను గూర్చి ముచ్చటించుకొనునపుడు “అప్పుడెంత? ఇప్పుడెంత?” యనుటయే మనకు వాడుక. పది రూపాయలతో సంసారము సాగినదని చెప్పి నిట్టూర్చెదము. కాని ఆ పది రూపాయలు ఎవరి చేతిలో బడెనని యడుగుట లేదు. నాకు జూడగా మొదట నడుగవలసిన ప్రశ్న యదియే.

సింహాచల దేవస్థానమునకు ధర్మకర్తలైన పూసపాటి ప్రభువుల విజయనగరములో, గురజాడ అప్పారావుగారు 1884లో ఎఫ్. ఏ. పరీక్ష ముగించి మహారాజావారి ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులైరి. జీతము నెలకు 25 రూపాయలు. 1887లో కళాశాలాధ్యాపకులైనపుడు 100 రూపాయలు. మూడేండ్లలో నాలుగింతలు! ఆ కాలపు ఇంగ్లీషు చదువునకు గల వెల యట్టిది. చదువుకొన్నవానికి జీతము నెల లెక్క. కూలివానికి దినము లెక్క. పల్లెలోని కంబారికి సంవత్సరము లెక్క, అదియు ధాన్యరూపముగా. నెల లెక్కవాడు రేపటిని గూర్చి యాలోచింపగలడు. కంబారియో, ముందుగా దెచ్చుకొన్న తిండిగింజల యప్పునకే పనిలో జేరును. వాని మొదటి జీతము పని మొదలు పెట్టకమున్నే చెల్లిపోయినది.

ఈ తీరానికి సముద్రమవతల నున్న రంగూనులోను అదియే కథ. విశాఖ, గంజాము, గోదావరి జిల్లాలనుండి వేలకొలది జనులు బర్మాకు ఓడ నెక్కిరి. ఓడచార్జియు, ఇంటికి కొంత బయానాయు మేస్త్రీ ముందిచ్చెడివాడు. రేవులో మూటలు మోసిన కూలి మొదట మేస్త్రీ చేతికే వచ్చెడిది. తన యప్పును, తన వంతును కోసికొని మిగిలినది కూలివానికి విదిలించెడివాడు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె గట్టిరి. వారి స్థానమున బర్మా కూలీలను దింపిరి. సమ్మె తీఱి తెలుగువారు తిరిగి రాగానే బర్మావారిని తీసివేసిరి. అంతట రేగిన అల్లరులలో ననేకులు ప్రాణములు గోల్పోయిరి. ఇరుపక్షముల పేదలు తమలో దాము కొట్టుకొనిరి గాని, ఒకరి పొట్ట మీద నొకరిని నిలిపినవారి కేమియు గాలేదు.

1931లో రాయపూరు రైలుమార్గము వాల్తేరుతో గలిసెను. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను నోడ విశాఖ రేవులో బ్రవేశించెను. ఇంటి దగ్గఱనే పని దొరకునన్న యాశ చుట్టుపట్ల పల్లెలకు గలిగెను. 1941లో బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాలనుండి 1948 మార్చి 14న జలఉష నీట దిగెను. ఈ నడుమనే 1936లో జీతముల చెల్లింపు చట్టము వచ్చినది. జీతమును నాణెముగనో నోట్లుగనో యీయవలెననియు, చట్టము పేర్కొన్న కోతలు తప్ప వేఱు కోతలు కూడవనియు, గడువు దాటరాదనియు దాని సారము. మొదట నది కర్మాగారములకును రైల్వేలకును మాత్రమే వర్తించెను. 1948లో కనీసవేతనముల చట్టము వచ్చెను.

తరువాత ఉక్కు. 1966 నాటి ఆందోళనమునకు ఫలముగా 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. భూములు కోల్పోయిన కుటుంబములకు ఉద్యోగమునకై పునరావాస కార్డు లిచ్చిరి. తాత పొలము పోయినందులకు మనుమనికి మొదటి యుద్యోగము! కార్డు లున్న యందఱికిని పని దొరకలేదు. సంవత్సరములు నిరీక్షించి వయస్సు మీఱినవారును గలరు.

ఈ చరిత్రలో నెక్కడను గానరానిది స్త్రీ. సింహాచలము కొండవాలున పండిన అనాసను, పనసను, సంపెంగలను గంపలకెత్తి దింపి యమ్మిన యిల్లాండ్ర తొలిసంపాదన యే రిజిష్టరులోను లేదు. సమానవేతన చట్టము 1976లో గాని రాలేదు. వెట్టిచాకిరిని దేశమంతట రద్దుచేసిన చట్టమును ఆ యేటిదే. చట్టము వచ్చినను, పగలంతయు నడుము వంచి దెచ్చిన కూలిని సాయంకాలము మగనికో అత్తకో అప్పగింపవలసిన యిల్లాలి సంగతి చట్టమున కెట్లు దెలియును? అది మన మన యిండ్లలోనే చక్కబడవలసినది.

తొలి జీతమును సింహాద్రి అప్పన్నకు ముడుపు గట్టుట యీ ప్రాంతపువారికి అలవాటు. మంచిదే. కాని ముడుపు గట్టుటకైనను జీతము మొదట తన చేతికి రావలయును గదా! గుత్తేదారు చేతిమీదుగా జీతము పుచ్చుకొని, కోత యెంతో యెఱుగనివారు నేటికిని మన వీధులు ఊడ్చుచున్నారు.

సోదరీసోదరులారా, ఈ మాసమున ఇంటి పెద్దలను, ముఖ్యముగా అమ్మమ్మలను నాయనమ్మలను, మూడు సంగతులడిగి వ్రాసికొనుడు: మొదటి సంపాదన యెంత, ఎవరి చేతిలో బడెను, దానితో మొదట నేమి కొనిరి? మూడవదానికి వారు జవాబు చెప్పలేకపోయినచో, రెండవదానిని మరల నడుగుడు.