ఇంటికప్పు, నిప్పు: హొసూరు, కృష్ణగిరి సీమల గృహచరిత్రలో ఒక ప్రకరణము

మన పెద్దలు పిల్లనిచ్చుటకు ముందు వరుని భూవసతిని విచారించినట్లే ఇంటికప్పును గూర్చియు విచారించెడివారు. పూరిల్లా, పెంకుటిల్లా, మిద్దెయా యన్న ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టి ఆ కుటుంబపు తాహతు చాలవఱకు తెలిసిపోయెడిది. హొసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఈ ప్రశ్నకు తాహతుతో పాటు మఱియొక యర్థమును ఉండెడిది. ఆ యిల్లు వేసవిని గడువగలదా యనునదే ఆ యర్థము.

హొసూరునకు దక్షిణముగా డెంకణికోట, అంచెట్టి మీదుగా కావేరి లోయవఱకు మేలగిరి కొండలు వ్యాపించియున్నవి. ఇవి ఎక్కువగా ఆకురాల్చు అడవులు. మాఘము వెళ్ళునప్పటికి చెట్లు బోడులగును, వెదురు పొదలు ఎండును, నేలయంతయు మోకాలిబంటి గడ్డితోను ఆకుతోను నిండియుండును. వానలు పడువఱకు ఆ మూడు నాలుగు మాసములు ఒక్క బీడీముక్క చాలును. పసులకాపరులు కొత్తపచ్చిక కొఱకు గడ్డికి నిప్పుపెట్టుట పూర్వాచారము. 1882 నాటి మదరాసు అటవీ చట్టము రక్షితారణ్యములందు నిప్పుపెట్టుటను నేరముగా నిర్ణయించినది. ఈ కొండలలో పెద్దభాగము 2014లో ఉత్తర కావేరి వన్యమృగ రక్షణ కేంద్రముగాను, 2022లో మఱికొంత భాగము దక్షిణ కావేరి రక్షణ కేంద్రముగాను ప్రకటింపబడినది. చట్టములు మాఱినను వేసవి మాఱలేదు. ఇటీవల అడవినిండ అల్లుకొన్న లంటానా పొద ఎండిననాడు మంటకు మంచి మేత యగుచున్నది.

ఇట్టి సీమలో సామాన్యుని యింటికి చిరకాలము కప్పు గడ్డియే. బోదగడ్డి, చెఱకాకు, టెంకాయమట్టలు, ఏది చేతికందిన దానితో కప్పుకొనెడివారు. పూరికప్పును తక్కువచేసి మాటలాడుట న్యాయము కాదు. దానికి కాసు ఖర్చులేదు. ఎండకాలమున చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండును. ఇరుగుపొరుగువారు కూడి రెండు దినములలో ఇల్లు కప్పి యిచ్చెడివారు. కాని రెండుమూడేండ్లకొకసారి క్రొత్తగడ్డి వేయవలసినదే. నిప్పంటెనా, నీళ్ళు తెచ్చులోపల వాసములు విఱిగి క్రిందపడును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లన్న సామెత పూరిండ్ల నడుమ పుట్టినదే యని నా నమ్మకము.

ఈ సీమకు వేసవికి తోడు దండయాత్రలు కూడ నిప్పు తెచ్చినవి. బారామహలు మైసూరు పీఠభూమికిని కర్ణాటక మైదానమునకును నడుమనున్న మెట్టు. 1780లో హైదరాలీ సైన్యము చెంగము కనుమగుండ క్రిందికి దిగినది. 1791 జూలైలో కారన్ వాలిసు సేనలు హొసూరును, రాయకోటను పట్టుకొన్నవి. 1792 శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు కుంఫిణీవారి వశమైనది. పేటను తగులబెట్టి శత్రువునకు గ్రాసము దొరకకుండ చేయుట ఆనాటి యుద్ధతంత్రములలో ఒకటి. కొండమీది కోటలో రాతికట్టడము నిలిచెడిది. దిగువనున్న పేటలో గడ్డికప్పు నిలిచెడిది కాదు. నేడు కృష్ణగిరి, రాయకోట దుర్గములెక్కువారికి కోటగోడలు, రాతి కట్టడముల శిథిలములు కనబడును గాని, ఆ కోటలను కట్టిన కూలివాని యిల్లు ఎట్లుండెడిదో చూపు గుర్తొక్కటియు కనబడదు.

రాయి ఈ సీమకు క్రొత్తది కాదు. కృష్ణగిరి సమీపమున మల్లచంద్రము కొండపై ఇనుపయుగపు సమాధులు అనేకము కలవు. నాలుగు ప్రక్కల రాతిపలకలు నిలిపి, పైన ఒక పెద్దబండను కప్పుగా పఱచిన కట్టడములవి. ఇట్టివానిని పాండవుల గుళ్ళని తెలుగునాట వ్యవహరింతురు. మృతులకు ఏర్పఱచిన ఆ కప్పే తరువాతి కాలమున దేవునికి, ఆపై కలిగినవారి గృహములకు సంక్రమించినదేమో యని ఊహింపవచ్చును. హొసూరు కొండమీది చంద్రచూడేశ్వరాలయమువంటి గుళ్ళలో రాతికంబములపై దూలములు, దూలములపై బండలు పఱచిన విధమునే ఊరి రెడ్లును, పెద్దకాపులును తమ యిండ్లకు చిన్న కొలతలలో అనుకరించిరి. రాతిగోడమీద బండలను ప్రక్కప్రక్కగా పఱచి, సందులను సున్నముతో పూడ్చి, పైన గచ్చు చేసినచో అదే బండమిద్దె. ఎనిమిదడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, నాలుగంగుళముల మందము గల ఒక్క బండ సుమారు 300 కిలోలు తూగును. కావుననే దానిని మోయుటకు లావుగోడ కావలెను, లావుగోడ కట్టుటకు ధనము కావలెను.

ఆ బండలను కొండనుండి తీయు పద్ధతి విచిత్రమైనది. బెంగుళూరు పరిసరములలోని రాతిపనివారు గని త్రవ్వక, తుపాకిమందు పెట్టక, నేలబండపై ఎండుకట్టెలతో సన్నని మంటవరుసను వేసి మెల్లమెల్లగా ముందునకు జరుపుచు పోయెడివారు. వేడికి పైపొర వ్యాకోచించి అడుగుపొరనుండి విడిపోయెడిది. సుత్తితో తట్టి ధ్వనినిబట్టి విడినదో లేదో గుర్తించెడివారు. 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, అరయడుగు మందము గల పలకలను సైతము ఈ రీతిని తీసెడివారని పందొమ్మిదవ శతాబ్ది చివర విదేశీయ శాస్త్రజ్ఞులు ఆశ్చర్యముతో వ్రాసిరి. పుస్తకజ్ఞానము లేని ఆ పనివారికి రాయి వేడిమికి ఎట్లు లోబడునో వేలికొసలయందు తెలియును.

ఇందులో ఇంటివారు గమనింపవలసిన విషయమొకటి కలదు. రాయి మండదు గాని వేడికి పగులును. ఈ రాతియందలి స్ఫటికము 573 డిగ్రీలయొద్ద ఒక్కసారిగా ఉబ్బును. గాలికి దాటిపోవు గడ్డిమంట బండమిద్దెను ఏమియు చేయజాలదు. కాని గోడనానించి పేర్చిన కట్టెలమోపు గంటలతరబడి మండినచో బండ బీటలువాఱును. బండమిద్దె గదా యని దానిచుట్టు వంటచెఱకు పేర్చుట కావున వివేకము కాదు.

బండకు తాహతు చాలనివారు మట్టిమిద్దె వేసికొనిరి. ఇది రాయలసీమనుండి మనవారితో వచ్చిన విద్యయని తలచవచ్చును. దూలములపై వాసములు, వాసములపై తంగేడుమండలు, వానిపై జానెడు మందమున చౌడుమట్టి. వానకు చౌడు ఉబ్బి తన సందులను తానే పూడ్చుకొనును. నిప్పురవ్వ దానిపై పడిన చల్లారిపోవలసినదే. ఏటేట వానలకు ముందు క్రొత్తచౌడు చల్లి దిమ్మిసచేయుట మాత్రము తప్పదు. దీనికి ఒక్కటే లోపము: వెలుతురు కొఱకు, పొగ పోవుట కొఱకు కప్పులో విడిచిన గవాచి. పైన పలక మూయని గవాచి రవ్వలకు రాజమార్గమే.

ఇక పెంకు. తెలుగున పెంకు, తమిళమున ఓడు, కన్నడమున హెంచు. మూడు భాషలును కలిసి పాఱు హొసూరులో ఒకే వీథిలో ఈ మూడు మాటలను వినవచ్చును. పెంకన్నను ఓడన్నను మొదట పగిలిన కుండముక్కయే. కుమ్మరి సారెమీద గొట్టముగా తీసి, నిలువున చీల్చి, ఆవములో కాల్చిన నాటుపెంకు అర్ధచంద్రాకారముగ ఉండును. ఒకనాడు మలబారులో దేవాలయములకు, రాజగృహములకు తప్ప తక్కినవారికి పెంకు వేయుటకు స్వేచ్ఛ లేకుండెను. నిప్పునుండి రక్షణ కూడ అంతస్తునుబట్టి పంచిపెట్టబడినదన్నమాట. 1865లో బాసెల్ మిషనుకు చెందిన జార్జి ప్లెబ్‌స్ట్ మంగళూరులో యంత్రముతో పెంకులచ్చువేయు కర్మాగారమును స్థాపించిన పిమ్మట ఈ కట్టుబాటు సడలినది. ఒకదానిలో ఒకటి ఇమిడి కూర్చుండు ఆ బిళ్ళపెంకు దక్షిణదేశమంతట వ్యాపించి మన సీమకును వచ్చినది. నాటుపెంకు కప్పుకంటె అది తేలిక, సందులు తక్కువ, కోతులు నడచిననే తప్ప కదలదు.

నిప్పుకు వెఱచి కప్పు మార్చుకొన్నవారము మనమొక్కరమే కాదు. 1212లో లండను నగరము దగ్ధమైన పిమ్మట అచటి పాలకులు గడ్డికప్పులను నిషేధించి, అప్పటికే యున్నవానికి పైపూత పూయవలెనని శాసించిరి. జపానులోని ఎడో నగరములో పెంకుటిండ్లను ప్రోత్సహించుట 1720లో గాని జరుగలేదు. కాలిఫోర్నియాలో చెక్కపలకల కప్పులు ధనికుల వేడుక. 1961 నవంబరులో లాస్ ఏంజిలీసునందలి బెల్ ఎయిర్ కొండలయందు రేగిన కార్చిచ్చులో 484 ఇండ్లు బూడిదయైనవి. ఆనాటినుండి జరిగిన పరిశీలనలవలన తేలినదేమనగా, కార్చిచ్చు మంటగా వచ్చి ఇంటిని తాకుట తక్కువ. రవ్వగా ఎగిరివచ్చుట ఎక్కువ. గాలివాటముగ రవ్వలు కిలోమీటరుకు మించి పోగలవు. అవి వచ్చి పడుచోటు కప్పే.

రవ్వ పెంకుమీద పడిన ఆఱిపోవును. పెంకుక్రింద దూరిన ఇల్లు కాలును. చూరుకొసన నాటుపెంకుల నోళ్ళు తెఱచియుండును. పిచ్చుకలు వానిలో గూళ్ళు కట్టును. ఆ ఎండుగడ్డి దాపుననే వాసపుకొస యుండును. నాలుగేండ్లు ఎవరును ఎక్కిచూడని పెంకుటిల్లు లోలోపల పూరిల్లుగా మాఱుచుండునని చెప్పవచ్చును. పూర్వము శివరాత్రి వెళ్ళగానే నిచ్చెన వేసి, ఆకు ఊడ్చి, పగిలిన పెంకులు మార్చి, చూరునోళ్ళను సున్నముతో మెత్తెడివారు. వానలకు ముందు చేయు మరమ్మతని దీనిని భావించుటయే గాని, ఇది వేసవికి కూడ మరమ్మతే. ఇంటికప్పు రెండు వాలులు కలియు మూలలో ఆకు చేరనీయరాదు. కొమ్మ కప్పుమీదికి వ్రాలనీయరాదు. గవాచికి, అటక కిటికీకి రెండుమూడు మిల్లీమీటర్ల కన్నములుగల ఇనుపవల బిగింపవలెను. గడ్డివామిని దొడ్డిచివరకు జరుపవలెను. అన్నిటికంటె ముఖ్యము ముంగిలిచప్పరము. ఇంటికి పెంకు వేసి, దాని చూరుకు టెంకాయమట్టల చప్పరమును కట్టుట మన పల్లెలలో నేటికిని కానవచ్చును. చప్పరమంటుకొన్న మంట చూరుక్రిందుగా నేరుగ లోనికి పోవును.

గడ్డికప్పు విడువలేనివారికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక యుపాయము కనుగొన్నది. తారు కలిపిన మట్టిని గడ్డికప్పుపై మెత్తినచో వానకు కరగదు, నిప్పు త్వరగా అంటదు. లండను పాలకులు 1212లో ఆజ్ఞాపించినదానికి ఇది దగ్గఱి చుట్టమే. ఇట్టి సులభోపాయము ఊరూర వాడుకలోనికి రాకపోవుట విచారకరము.

2004 తమిళనాడు మఱువరాని సంవత్సరము. ఫిబ్రవరిలో ధర్మపురినుండి విడివడి కృష్ణగిరి జిల్లా యేర్పడినది. జూలై 16న కుంభకోణములోని ఒక పాఠశాలలో వంటశాలనుండి లేచిన మంట గడ్డికప్పునకు ప్రాకి 94 మంది పసిపిల్లలు మరణించిరి. అప్పటినుండి పాఠశాలలపై గడ్డికప్పు ఉండరాదని ప్రభుత్వము కఠినముగా నిషేధించినది. గుడిసెలను కాంక్రీటు ఇండ్లుగా మార్చు పథకమును 2010లో ప్రారంభించినది. 2024లో కలైజ్ఞర్ కనవు ఇల్లం అను పేర మఱియొకదానిని చేపట్టి, 2030 నాటికి గుడిసెలు లేని రాష్ట్రమును లక్ష్యముగా ప్రకటించినది. తరతరములుగా తాహతు లేక గడ్డిక్రింద బ్రతికినవారికి నిప్పంటని కప్పు లభించుటను ఎవరు కాదందురు?

అయినను ఒక మాట. కాంక్రీటు వచ్చినదని పాతమిద్దెలను కూల్చుటలో మనవారు తొందరపడుచున్నారు. హొసూరులో సిప్కాట్ కర్మాగారములు వెలసిననాటినుండి నేలధర పెరిగి, రాతిమిద్దెలు ఒక్కొక్కటిగ నేలమట్టమగుచున్నవి. వాని స్థానమున ఇంటిమీద మరల రేకులషెడ్డు, షెడ్డులో అట్టపెట్టెలు, పాతబట్టలు, ఎండుకొబ్బరిచిప్పలు చేరుచున్నవి. క్రింద కాంక్రీటున్నను పైన రవ్వకు మేత సిద్ధము. అడవిదాపున ఇల్లు కట్టువారు వేపనపల్లి, శూలగిరి ప్రాంతముల పల్లెలలో మిగిలిన బండమిద్దెల నొకసారి చూచి, వానిని ఏటేట ఎట్లు చూచుకొందురో ఆ యింటి ముసలివారినడిగి తెలిసికొనుట మంచిది. కూల్చిన మిద్దెల బండలు పొలములకు కంచెరాళ్ళుగాను, పసులదొడ్లలో తొట్లకు పలకలుగాను ఉపయోగపడుచున్నవి. వానిలో కొన్నిటి అడుగువైపున వంటింటి పొగమసి యింకను చెఱగలేదు.