ఆ ఒక్క పేరా లేని బయోడేటా

2010 సెప్టెంబర్ 3, శుక్రవారం. ఢిల్లీలో ఒక బల్ల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. ప్రధాని మన్మోహన్ సింగ్, హోంమంత్రి చిదంబరం, లోక్‌సభలో ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్. సిబ్బంది వ్యవహారాల శాఖ తయారుచేసిన నోట్, దానికి జతచేసిన మూడు బయోడేటాలు వాళ్ల ముందున్నాయి. మూడు పేర్లలోంచి ఒకరిని కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా ఎంపిక చేయాలి. ఆ కుర్చీలో ఉన్న ప్రత్యూష్ సిన్హా పదవీకాలం వారం తిరక్కముందే ముగిసిపోతోంది.

మూడూ ఐఏఎస్ అధికారుల పేర్లే. కేరళ కేడర్ నుంచి పి.జె. థామస్, పశ్చిమ బెంగాల్ కేడర్ నుంచి బిజయ్ ఛటర్జీ, హిమాచల్ కేడర్ నుంచి ఎస్. కృష్ణన్. ముగ్గురూ అప్పటికి కేంద్రంలో కార్యదర్శులు. థామస్ టెలికాం శాఖ చూస్తున్నారు. 1973 బ్యాచ్, కేరళ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా చేసిన అనుభవం, ఆ తర్వాత ఢిల్లీలో పార్లమెంటరీ వ్యవహారాల కార్యదర్శి. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికేమీ లేదు.

థామస్ పేరు దగ్గర సుష్మా స్వరాజ్ ఆగారు. కేరళ పామోలిన్ కేసులో ఈయన నిందితుడు కదా అని అడ్డుచెప్పారు. మిగతా ఇద్దరిలో ఎవరైనా తనకు సమ్మతమేనన్నారు. మాట నెగ్గలేదు. ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. సమావేశపు కాగితం సంతకానికి తన దగ్గరకొచ్చినప్పుడు ‘నేను విభేదిస్తున్నాను’ అని ఇంగ్లిష్‌లో రెండే రెండు మాటలు చేత్తో రాసి ఆమె సంతకం పెట్టారు. ఎందుకు విభేదిస్తున్నారో అందులో రాయలేదు. ఎందుకు కాదన్నామో అవతలివాళ్లూ రాయలేదు. సెప్టెంబర్ 7న రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ సమక్షంలో థామస్ ప్రమాణం చేశారు.

ఆ రెండు మాటలు ఆరు నెలల తర్వాత సుప్రీంకోర్టు తీర్పులోకి వెళ్లి నిలబడ్డాయి.

ఈ ఉద్యోగం మిగతా పెద్ద ఉద్యోగాల్లాంటిది కాదు. లంచగొండితనం మీద సంతానం కమిటీ ఇచ్చిన సలహాతో 1964లో విజిలెన్స్ కమిషన్ పుట్టింది. ముప్పై ఏళ్లకు పైగా అది ప్రభుత్వ తీర్మానం మీదే బతికింది, చట్టం అండ లేదు. జైన్ హవాలా డైరీల వ్యవహారంలో దర్యాప్తు ముందుకు కదలకపోవడం చూసి, వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు 1997 డిసెంబర్ 18న ఈ సంస్థకు చట్టబద్ధత కల్పించమంది. అలా వచ్చింది 2003 నాటి చట్టం. దాని ప్రకారం, అవినీతి నిరోధక చట్టం కింద సీబీఐ చేసే దర్యాప్తులకు పర్యవేక్షణ ఈ కమిషన్‌దే. కేంద్రంలో పెద్ద పోస్టు ఏది ఇవ్వాలన్నా ముందుగా ‘విజిలెన్స్ క్లియరెన్స్’ అడిగేదీ ఇక్కడే. పదవీకాలం నాలుగేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ఒకసారి కూర్చుంటే లేపడం కష్టం. అసమర్థత, దుష్ప్రవర్తన ఆరోపణల మీద తీసేయాలంటే సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందే. లేపడం అంత కష్టం కాబట్టే కూర్చోబెట్టే ముందు ముగ్గురు చూడాలని, అందులో ఒకరు ప్రతిపక్షం నుంచి ఉండాలని చట్టం చెప్పింది.

ఆ ముగ్గురి ముందుకొచ్చిన బయోడేటాలో పామోలిన్ అన్న మాటే లేదు.

ఆ కథ 1991 నవంబర్‌లో తిరువనంతపురంలో మొదలైంది. ముఖ్యమంత్రి కె. కరుణాకరన్. పదిహేను వేల టన్నుల పామోలిన్ నూనెను విదేశం నుంచి తెప్పించాలని మంత్రివర్గం నిర్ణయించింది. అప్పుడు ఆహార, పౌర సరఫరాల శాఖ కార్యదర్శి థామస్. టన్నుకు 405 డాలర్ల ధర ఒప్పుకున్నారు. అంతర్జాతీయ మార్కెట్‌లో ధర 392 డాలర్ల చిల్లర అని, ఖజానాకు రెండు కోట్ల ముప్పై లక్షలకు పైగా నష్టమని ఆరోపణ. కాగ్ నివేదిక తప్పు పట్టింది. తర్వాత విజిలెన్స్ కేసు, చార్జిషీటు. అందులో థామస్ ఎనిమిదో నిందితుడు. ఆయనను విచారించేందుకు అనుమతి ఇవ్వమని కేరళ ప్రభుత్వం 1999 డిసెంబర్ చివరి రోజున కేంద్రానికి రాసింది.

ఆ ఉత్తరం చేరింది ఏ శాఖకో కాదు, సిబ్బంది వ్యవహారాల శాఖకే. పదేళ్ల తర్వాత మూడు బయోడేటాలు తయారుచేసింది కూడా ఆ శాఖే.

ఆఫీసు ఫైళ్ల నడక తెలిసినవాళ్లు ఇక్కడ కాస్త నిదానంగా చదవాలి. 2000 జూన్ నుంచి 2004 నవంబర్ దాకా ఆ ఫైలు మీద ఆరుసార్లు నోటింగులు పడ్డాయి. థామస్ మీద శాఖాపరమైన పెనాల్టీ చర్య మొదలుపెట్టవచ్చని ఆరింటిలోనూ ఉంది. వేర్వేరు తేదీల్లో రాశారు, తేల్చిన మాట ఒకటే. ఆ తర్వాత ఫైలు చల్లబడింది. కేరళలో ప్రభుత్వాలు మారాయి. ఒకరు కేసు వెనక్కి తీసుకుంటామన్నారు, తర్వాతివారు కాదు నడపాల్సిందేనన్నారు. కేసు నడపాలన్న ఆ ప్రభుత్వమే 2007లో థామస్‌ను ప్రధాన కార్యదర్శిని చేసింది. అదే ఏడాది కేసు విచారణ మీద సుప్రీంకోర్టు స్టే వచ్చింది. 2008 అక్టోబర్‌లో, కేంద్రంలో కార్యదర్శి స్థాయి ప్యానెల్ కోసం, సాక్షాత్తూ విజిలెన్స్ కమిషనే ఆయనకు క్లియరెన్స్ ఇచ్చింది.

ఆ క్లియరెన్స్ కాగితం ముందుకొచ్చింది. ఆరు నోటింగులున్న ఫైలు బీరువాలోనే ఉండిపోయింది. నా దృష్టిలో ఈ గాథకు అసలు మలుపు ఆ ముగ్గురి బల్ల దగ్గర లేదు. మూడు బయోడేటాలు టైపు చేసి, పిన్ను కొట్టి, పైకి పంపిన బల్ల దగ్గర ఉంది. నోట్ తయారుచేసేవాడి చేతిలోనే సగం ఎంపిక అయిపోతుంది. పైనున్నవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా చూడగలిగేది కింద నుంచి వచ్చిన కాగితాన్నే.

సెంటర్ ఫర్ పబ్లిక్ ఇంటరెస్ట్ లిటిగేషన్ అనే సంస్థ, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో తదితరులు ఈ నియామకం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాదించింది ప్రశాంత్ భూషణ్. 2010 నవంబర్ నాటికి టెలికాం శాఖలోని 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల వ్యవహారం దేశాన్ని ఊపేస్తోంది. ఆ టెలికాం శాఖ నుంచే వచ్చిన అధికారి, ఆ కేసులో సీబీఐ పనిని పర్యవేక్షించాల్సిన కుర్చీలో ఉన్నారు. నిందితుడిగా ఉన్న వ్యక్తి ఈ పదవిలో ఎలా పనిచేయగలరని ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా అడిగారు. అది సాంకేతికమైన ప్రశ్న కాదు. ఏ అధికారి మీద చర్య తీసుకోమని ఈయన సిఫారసు చేసినా, ముందు నీ కేసు సంగతేమిటని ఆ అధికారి అడగగలడు. అలా అడిగించుకునే కమిషనర్ మాట ఏ శాఖలో చెల్లుతుంది?

ప్రభుత్వం తరఫున అటార్నీ జనరల్ వాహనవతి వాదించారు. 2011 జనవరి ఆఖర్లో, పామోలిన్ కేసు పత్రాలు సెలెక్షన్ కమిటీ ముందు పెట్టలేదని ఆయన కోర్టుకు చెప్పారు. సుష్మా స్వరాజ్ వెంటనే స్పందించారు. కేసు సంగతి సమావేశంలో తానే లేవనెత్తానని, కావాలంటే అఫిడవిట్ వేస్తానని అన్నారు. దాని మీద చర్చ జరిగిన మాట నిజమేనని చిదంబరం కూడా ఒప్పుకున్నారు. నోటిమాటగా విషయం బల్ల మీదకొచ్చింది, కాగితంగా రాలేదు. ఒకరు చెబుతున్నారు, ఒకరు కాదంటున్నారు. ఆ రోజుకు సంతకం ఆపి, ఫైలు తెప్పించి చూద్దామని ఎవరూ అనలేదు. రెండు రోజులు ఆగితే ఏ ఉపద్రవమూ వచ్చేది కాదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

థామస్ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. ఆయన మీద నేరం రుజువు కాలేదు. క్లియరెన్స్ ఇచ్చింది విజిలెన్స్ కమిషనే. కార్యదర్శి పదవులు ఇచ్చింది ప్రభుత్వమే. నేరాభియోగాలున్నవాళ్లు పార్లమెంటులో కూర్చోగా లేనిది, తనకెందుకు అడ్డు అన్న వాదన కూడా ఆయన తరఫున కోర్టులో వచ్చింది. కానీ ప్రజలు ఓటేసి పంపే సభకూ, తక్కినవాళ్ల నిజాయితీని తూచే కుర్చీకీ కొలత ఒకటే అంటే నేను ఒప్పుకోలేను.

2011 మార్చి 3, గురువారం. జస్టిస్ కపాడియా, జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్, జస్టిస్ స్వతంతర్ కుమార్ ధర్మాసనం తీర్పు చెప్పింది. 2010 సెప్టెంబర్ 3 నాటి సిఫారసు చట్టం దృష్టిలో లేనట్టే అంది. దాని మీద జరిగిన నియామకమూ పోయింది. థామస్ దోషా కాదా అన్నది తమ ముందున్న ప్రశ్న కాదని కోర్టు స్పష్టంగా చెప్పింది. వ్యక్తి నిజాయితీ ఒకటే చాలదు, ఆ వ్యక్తి వస్తే సంస్థ నిజాయితీ ఏమవుతుందో కమిటీ చూడాలి, అది చూడనేలేదు అంది. 2000 నుంచి 2004 దాకా పడిన ఆ ఆరు నోటింగులను తేదీలతో సహా తీర్పులో పేర్చింది. అవి కమిటీ ముందుకు రాకపోవడమే నియామకాన్ని కూల్చింది.

సుష్మా స్వరాజ్ వాదన కూడా పూర్తిగా నెగ్గలేదు. ఏకాభిప్రాయం తప్పనిసరి కాదు, ప్రతిపక్ష నేతకు వీటో లేదు అని కోర్టు తేల్చింది. అయితే విభేదించినవారు కారణాలు రాయాలి, వాటిని తోసిపుచ్చినవారూ కారణాలు రాయాలి. రెండు మాటల అసమ్మతికి, ఒక్క మాటా లేని తిరస్కారానికి ఇక చోటు లేదు. పదవిని ఐఏఎస్‌లకే పరిమితం చేయొద్దంది. ప్యానెల్‌లో పేరు చేర్చేటప్పుడు ఎందుకు చేర్చారో రాయాలని, అభ్యర్థికి సంబంధించిన ముఖ్యమైన సమాచారమంతా, అనుకూలమైనా ప్రతికూలమైనా, కమిటీకి అందాలని నిర్దేశించింది.

ప్రధాని తప్పించుకోలేదు. మార్చి 7న లోక్‌సభలో నిలబడి, నిర్ణయంలో పొరపాటు జరిగిందని, పూర్తి బాధ్యత తనదేనని చెప్పారు. మర్నాడు రాజ్యసభలో ఇంకో మాట చెప్పారు: సమావేశానికి వెళ్లేదాకా తనకు ఈ కేసు సంగతి తెలియదని, నోట్ ఆ శాఖ చూసే సహాయ మంత్రి దగ్గరి నుంచి వచ్చిందని. అప్పుడు ఆ శాఖ సహాయ మంత్రి పృథ్వీరాజ్ చవాన్, తీర్పు వచ్చేనాటికి మహారాష్ట్ర ముఖ్యమంత్రి. దేశ ప్రధానికే తెలియనివ్వని విషయం, ఆయన ఆధీనంలో ఉన్న శాఖ బీరువాలో పదకొండేళ్లుగా ఉంది.

అదే ఏడాది జులైలో రక్షణ శాఖ కార్యదర్శిగా చేసిన ప్రదీప్ కుమార్ కమిషనర్ అయ్యారు. 2014లో ఈ పదవికి కేంద్రం బహిరంగంగా ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలిచింది. ఆ విడతలో 2015 జూన్‌లో ఎంపికైనది మన తెలుగువారు కె.వి. చౌదరి, ఈ కుర్చీలోకి వచ్చిన మొదటి ఇండియన్ రెవెన్యూ సర్వీస్ అధికారి. ఆ నియామకాన్నీ కోర్టులో సవాలు చేశారు. పిటిషనర్లు చేతపట్టుకున్నది ఈ 2011 తీర్పునే. ఆయన మీద వచ్చిన ఫిర్యాదుల విషయంలో ఫైలులో ఏం జరిగిందన్నదే అక్కడా ప్రశ్న. 2018 జులైలో సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. చౌదరి తన పదవీకాలం పూర్తిచేసి 2019 జూన్‌లో దిగిపోయారు.