పోతపాల మొక్కలు

ఆర్కిడ్ విత్తనం పేరుకే విత్తనం. పండిన కాయ పగిలితే అందులోంచి రాలేది మైదాపిండిలాంటి పొడి. ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది. కందిగింజను చీలిస్తే రెండు బద్దలు వస్తాయి, మొలకకు తొలిరోజుల తిండి అదే. వడ్లగింజలో బియ్యం ఉన్నదీ మొలక కోసమే, మధ్యలో మనిషి దాన్ని లాక్కుని వండుకుంటున్నాడు. ఆర్కిడ్ విత్తనంలో ఆ బద్దలూ లేవు, ఆ బియ్యమూ లేదు. వలలాంటి పల్చని పొర, దాని నడుమ కొద్దిపాటి కణాల ముద్ద, అంతే. సద్దిమూట కట్టకుండా బిడ్డల్ని ఊరికి పంపేసిన తల్లి ఆర్కిడ్.

సద్ది లేని లోటును సంఖ్యతో పూడ్చుకుంటుంది. ఆర్కిడ్ల పరాగసంపర్కం మీద 1862లో పుస్తకం వెలువరించిన చార్లెస్ డార్విన్ ఇంగ్లండు పచ్చికబయళ్ళలో పెరిగే ఒక ఆర్కిడ్ కాయలో సుమారు 6,200 విత్తనాలుంటాయని లెక్కగట్టాడు. ముప్పై కాయలు కాసిన మొక్కకు మొత్తం 1,86,300 అని తేల్చాడు. బ్రెజిల్‌లో ఉండే ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ ముల్లర్ మాక్సిలేరియా జాతి కాయ ఒక్కదానిలోనే పదిహేడున్నర లక్షలు తేల్చాడు. ఇన్ని విత్తనాలు రాలుతున్నా భూమి అంతా ఆర్కిడ్లతో ఎందుకు నిండిపోలేదు? తోటమాలులకు ఈ ప్రశ్న మరో రూపంలో ఎదురైంది: గుప్పెడు విత్తనాలు చల్లినా ఒక్కటైనా ఎందుకు మొలవదు?

తెలుగునాట చెట్టుకొమ్మల మీద పెరిగే మొక్కలన్నిటినీ కలిపి బదనిక అనేవారు. మామిడి రసాన్ని నిజంగా పీల్చే మొక్కకూ అదే పేరు, కొమ్మను పీట చేసుకుని కూర్చోవడం తప్ప ఏమీ తీసుకోని ఆర్కిడ్‌కూ అదే పేరు. సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన గ్రంథం మొదటి సంపుటిలో, 1795లో, ఇలాంటి ఒక ఆర్కిడ్‌ను బొమ్మతో సహా వర్ణించాడు. ఇవాళ దాన్ని వాండా టెస్సెలేటా అంటున్నారు. వాండా అన్న మాట బదనికకు సంస్కృతంలో ఉన్న ‘వందా’ నుంచి వచ్చిందే. ఆర్కిడ్ పరాన్నభుక్కు కాదని వృక్షశాస్త్రం ఆ తరవాత తేల్చి చెప్పింది. అయితే పాత పేరులో మరో నిజం దాగి ఉందని బయటపడడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆర్కిడ్ పెంపకం ధనవంతుల పిచ్చి. విత్తనం మొలవదు కాబట్టి అడవుల నుంచి మొక్కల్ని పెకలించి ఓడల్లో తెప్పించేవారు. 1850లో వృక్షశాస్త్రజ్ఞులు జోసెఫ్ హుకర్, థామస్ థామ్సన్ ఖాసీ కొండల్లో నీలి వాండాను ఏడుగురు మోసేంత సేకరించి లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనానికి పంపారు. బతికి చేరినవి కొద్దే. వాళ్ళ వెంట తోటమాలిని పంపిన ఒక పెద్దమనిషి ఒక్క మనిషి మోపు పంపించాడు. అది చావుబతుకుల్లో చేరినా 300 పౌండ్లకు అమ్ముడుపోయిందని హుకర్ తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. అంత ధర పలికే సరుకు కోసం కొండలకు కొండలే బోడి అయ్యాయంటే వింత లేదు.

ఆర్కిడ్ మొలకను చూసినవాళ్ళు అప్పటికే లేకపోలేదు. రిచర్డ్ సాలిస్‌బరీ 1804లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో మొలకల వర్ణన ప్రచురించాడు. 1849లో డబ్లిన్ దగ్గరి గ్లాస్‌నెవిన్ తోటలో డేవిడ్ మూర్ విత్తనం నుంచి మొక్కలు లేపాడు. ఎక్సెటర్‌లో వీచ్ కుటుంబపు నర్సరీ ఉండేది. అక్కడి తోటమాలి జాన్ డొమినీకి ఆ ఊరి శస్త్రవైద్యుడు జాన్ హారిస్ పువ్వులో పుప్పొడి ముద్ద ఎక్కడుందో, దాన్ని ఎక్కడ అంటించాలో చూపించాడు. రెండు కలాంథే జాతుల్ని కలిపి డొమినీ పుట్టించిన మొక్క 1856లో పూసింది. మనిషి చేతితో పుట్టి పూసిన మొదటి సంకర ఆర్కిడ్ అది. దాన్ని చూసి ఇక వృక్షశాస్త్రజ్ఞులకు పిచ్చెక్కడం ఖాయమని వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ వాపోయాడట.

డొమినీ నుంచి దాదాపు యాభై ఏళ్ళపాటు విత్తడం జూదంలాగే సాగింది. బెరడు ముక్క మీద, నాచు మీద, నాచుపై బిగించిన గుడ్డ మీద విత్తనం చల్లి చూసేవారు. అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది తల్లి మొక్క కుండీలోనే, దాని వేళ్ళ మొదట్లో, చల్లడం. ఎందుకని అడిగితే జవాబు చెప్పగలిగినవాడు లేడు. వేల విత్తనాలు చల్లితే పదో పాతికో పైకి వచ్చేవి, వాటిలోనూ సగం నారుకుళ్ళుకు పోయేవి. తోటమాలి తల్లి కుండీని ఎంచుకున్నది అనుభవం మీద. అందులో తల్లితో పాటు మరో ప్రాణి కాపురముందని అతనికి తెలియదు.

ఆ ప్రాణిని పట్టుకున్నవాడు నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి యువకుడు. 1899 వసంతంలో అతను మెలన్‌లో సైనిక సేవ చేస్తున్నాడు. దగ్గర్లోని ఫాంటెన్‌బ్లో అడవిలో తిరుగుతుంటే, నేల మీద వాలి ఆకుల కింద కప్పబడిపోయిన పూకాడ ఒకటి దొరికింది. అది పక్షిగూడు ఆర్కిడ్, పచ్చదనం లేని గోధుమరంగు మొక్క. రాలకుండా కాయలోనే మిగిలిన విత్తనాలు అక్కడికక్కడే మొలిచి ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి మొలకలోనూ శిలీంధ్రపు పోగులు. మొలవడానికి బూజు చొరబడాలన్న మాట! బెర్నార్ ఆ శిలీంధ్రాల్ని వేళ్ళ నుంచి విడదీసి సీసాల్లో పెంచాడు, వాటితో విత్తనాల్ని కలిపి మొలిపించాడు. విత్తనం ఉబ్బి, పచ్చని చిన్న గుండ్రని ముద్దగా మారేది. ప్రోటోకార్మ్ అని పిలిచే ఆ ముద్దకు వేరు లేదు, ఆకు లేదు. శిలీంధ్రం తన పోగుల ద్వారా తెచ్చే చక్కెరే దానికి తిండి. కొమ్మ నుంచి ఏమీ దొంగిలించని ఆర్కిడ్ పసితనంలో బూజు నుంచి దొంగిలించి బతుకుతుంది. బదనిక అన్న మాట ఇలా మరో దారిన సార్థకమైంది.

శిలీంధ్రం లేకుండా, చక్కెర గాఢత పెంచి కొన్ని విత్తనాల్ని మొలిపించవచ్చని కూడా బెర్నార్ గమనించాడు. ఆ దారిలో ముందుకు వెళ్ళేలోపే 1911లో, 36 ఏళ్ళకే, కన్నుమూశాడు. జర్మనీలో హాన్స్ బుర్గెఫ్ ఈ శిలీంధ్రాల మీద 1909లో పుస్తకం తెచ్చాడు. ఇంగ్లండులో జోసెఫ్ చార్ల్స్‌వర్త్ శిలీంధ్ర శాస్త్రవేత్త జాన్ రామ్స్‌బాటమ్ సాయంతో ఈ పద్ధతిని నర్సరీ వ్యాపారంలోకి దించాడు. పద్ధతి పనిచేసేది కానీ నమ్మకస్తురాలు కాదు ఈ దాది. శిలీంధ్రం కాస్త బలిసిందంటే బిడ్డను పోషించడం మాని బిడ్డనే తినేసేది.

దాదిని తీసేసి పోతపాలు పట్టించినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లూయిస్ నడ్సన్. మొక్కలు వేళ్ళతో చక్కెరను ఎలా తీసుకుంటాయన్నది అతని పరిశోధన. శిలీంధ్రం ఇచ్చేది చక్కెరే అయితే ఆ చక్కెరనే నేరుగా ఇస్తే సరిపోదా అన్నది అతని తర్కం. లవణాలు, పంచదార కలిపిన నీటిని అగర్‌తో, అంటే మన వంటిళ్ళలో చైనా గ్రాస్ అనే పదార్థంతో, గడ్డకట్టించి, క్రిములు చేరకుండా ఉడికించి, కాట్లేయా, లేలియా విత్తనాల్ని దాని మీద చల్లాడు. మొలిచాయి. ఫలితాలు 1921లో స్పానిష్‌లో, 1922లో ఇంగ్లీషులో వచ్చాయి. ప్రకృతిలో శిలీంధ్రం ఉండాల్సిందే కదా, దీనివల్ల తేలిందేమిటని కొందరు ఆక్షేపించారు. ఆ మాటా నిజమే, కానీ నర్సరీవాళ్ళకు కావలసింది ప్రకృతి రహస్యం కాదు, మొలక. శిలీంధ్రం సోకకుండా పెంచిన మొక్క చివరికి పూస్తుందా అన్న అనుమానాన్ని 1930లో నడ్సన్ తీర్చాడు: శిలీంధ్రం తాకకుండా పెరిగిన మొక్కకు పూవు వచ్చిందని ప్రకటించాడు. 1946లో అతను సవరించిన మిశ్రమానికి ‘నడ్సన్ సి’ అని పేరు. లీటరుకు 20 గ్రాముల పంచదార, ఒక గ్రాము కాల్షియం నైట్రేట్, అర గ్రాము అమ్మోనియం సల్ఫేట్, తలా పావు గ్రాము మెగ్నీషియం సల్ఫేట్, పొటాషియం ఫాస్ఫేట్, రవ్వంత ఇనుము, మాంగనీసు. ఇంట్లో తూచి కలుపుకోగలిగిన జాబితా ఇది.

ఆగ్నేయాసియాలో ఈ విద్యకు పుట్టిల్లు సింగపూర్ ఉద్యానవనం. ఎరిక్ హాల్టమ్ 1928లో అక్కడ సీసాల్లో విత్తే పని మొదలుపెట్టాడు. 1930ల మొదట్లో అతని తొలి సంకరం స్పాథోగ్లాటిస్ ప్రిమ్‌రోజ్ పూసింది. అదే కాలంలో ఫ్రాన్సులో నీలి వాండాకూ ఫిలిప్పీన్స్ వాండాకూ పుట్టిన ‘రాత్‌షీల్డియానా’ 1931లో పూసింది. ఖాసీ కొండల్లో మోపులు కట్టి చంపిన మొక్క వారసులు ఇప్పుడు సీసాల్లో వేలకు వేలు పుట్టడం సాధ్యమైంది.

ప్రయోగశాల నుంచి వంటింటికి ఈ విద్యను దించింది ప్రెషర్ కుక్కర్. సీసాలో పోసిన మిశ్రమాన్ని కుక్కర్‌లో పావుగంట ఉడికిస్తే అందులోని క్రిములు చస్తాయి. గాలిలోంచి మళ్ళీ క్రిములు పడకుండా చేపల తొట్టిని బోర్లించి పెట్టెగా మార్చినవారు కొందరైతే, మరుగుతున్న గిన్నె ఆవిరి మీద సీసా మూత తెరిచి గబగబా విత్తేసినవారు మరికొందరు. పొడి విత్తనాన్ని బ్లీచింగ్ పౌడర్ తేటనీటిలో కడగాలి. దానికంటే సులువైన మార్గం పచ్చికాయ. కాయ పగలకముందే కోసి, పైన మాత్రం శుభ్రపరిచి, చాకుతో చీల్చితే లోపలి విత్తనం పుట్టుకతోనే శుచిగా ఉంటుంది. నడ్సన్ జాబితాకు ఎవరి ఊళ్ళో దొరికింది వాళ్ళు చేర్చారు: కొబ్బరినీళ్ళు, అరటిపండు గుజ్జు, బంగాళాదుంప, బొగ్గుపొడి. థాయ్‌లాండ్‌లో బల్లపరుపు విస్కీ సీసాలే ఆర్కిడ్ నారుమళ్ళయ్యాయి.

సీసాలో ఒకసారి విత్తి ఊరుకుంటే కుదరదు. కొన్ని నెలలకు ముద్దలు ఒకదానిమీద ఒకటి ఎక్కి తిండికి పోట్లాడుకుంటాయి. వాటిని విడదీసి తాజా మిశ్రమం ఉన్న సీసాలోకి మార్చాలి. రెండు మూడు ఆకులు, అంగుళమో రెండంగుళాలో వేళ్ళు వచ్చేసరికి ఏడాది పైనే అవుతుంది. అప్పుడొస్తుంది అసలు గండం. సీసాలో గాలి ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి ఆ ఆకుల మీద మైనపు పొర సరిగా పేరుకోదు, ఆకు రంధ్రాలకు మూసుకోవడం అలవాటు కాదు. ఒక్కసారిగా ఎండలో పెడితే గంటల్లో వడలిపోతాయి. వేళ్ళకంటిన అగర్‌ను గోరువెచ్చని నీటిలో ఆసాంతం కడగడం తప్పనిసరి. అందులోని పంచదార మీదికి చీమల కంటే ముందు బూజు చేరుతుంది.

కడిగిన నారును ఒక్కొక్కటిగా కాక, ఒకే కుండీలో ఇరవై ముప్పై కలిపి నాటడం నర్సరీల పాత ఆచారం. ఉమ్మడి కుండీలో తడి నిలకడగా ఉంటుంది, చిన్న వేరు పెద్ద కుండీ చెమ్మలో కుళ్ళిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. కుండీలో నింపే పదార్థానికీ ఒక చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా ఆస్మండా అనే ఫెర్న్ వేళ్ళ పీచుదే రాజ్యం. అది కరువై, 1950లలో అమెరికాలో ఫిర్ చెట్టు బెరడు ముక్కలు ఆ చోటు తీసుకున్నాయి. స్ఫాగ్నం నాచు పసి మొక్కలకు ఇప్పటికీ వాడుకలో ఉంది. కొబ్బరి పండే దేశాలు చవకైన జవాబు కనుక్కున్నాయి: ఉప్పు పోయేదాకా నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్కు ముక్కలు, వాటితో బొగ్గు. నాటాక కొన్ని వారాలు కుండీ మీద పారదర్శకమైన సంచీ కప్పి, రోజురోజుకూ కాస్త ఎక్కువగా తెరుస్తారు. ఎరువు ఇచ్చినా పలచగానే. ఆకులు ఒకదానికొకటి తగిలేసరికి మొక్కలు విడివిడి చిన్న కుండీల్లోకి పోతాయి. జాతిని బట్టి విత్తిన మూడేళ్ళ నుంచి ఏడేళ్ళకు పూస్తాయి.

పూసేవరకు సంకర మొక్కకు పేరు పెట్టరు. ఫ్రెడరిక్ సాండర్ నర్సరీ 1906లో సంకరాల జాబితా అచ్చువేయడం మొదలుపెట్టింది, 1961 నుంచి ఆ పని లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చూస్తోంది. పూవు విచ్చుకున్నాకే అక్కడ నమోదు. అప్పటిదాకా కుండీలో గుచ్చిన చీటీ మీద తల్లి పేరు, గుణకారపు గుర్తు, తండ్రి పేరు, సీసాలో విత్తిన తేదీ మాత్రమే ఉంటాయి.